పేర్లు గుర్తు రావడం లేదు, ఇది అమ్మకు వచ్చిన జబ్బేనా?

ప్రశ్న: నా వయసు 67. తణుకు దగ్గర హైస్కూల్లో లెక్కల టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. మావారు పోయి రెండేళ్ళయింది, ఒక్కదాన్నే ఉంటున్నాను. ఒక్కతే కూతురు, బెంగుళూరులో ఉద్యోగం. ఏడాదిగా తల మబ్బు పట్టినట్టు ఉంటోంది. ఫోను మాట్లాడుతూ పులుసులో ఉప్పు రెండుసార్లు వేస్తున్నాను. వంటింట్లోకి వెళ్ళి ఎందుకు వచ్చానా అని నిలబడిపోతున్నాను. మొన్న బజారులో పాత విద్యార్థి కాళ్ళకు దణ్ణం పెడితే పేరు గుర్తు రాక సిగ్గుపడ్డాను, ఇంటికి చేరేసరికి గుర్తొచ్చింది. చిన్నప్పటి శతక పద్యాలు మాత్రం తడుముకోకుండా చెప్పగలను. మా అమ్మ 80 దాటాక నన్నే గుర్తుపట్టలేదు. నాకూ అదే మొదలైందా? పజిళ్ళు చేస్తే, సరస్వతీ లేహ్యం తింటే ఆగుతుందా? దసరాకు వచ్చే అమ్మాయికి ఈ సంగతి చెప్పాలా, వద్దా?
వాడుతున్న మందులు: పన్నెండేళ్ళుగా షుగరుకు మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్. బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర. పరగడుపున గ్యాసుకు పాంటోప్రజోల్. అరికాళ్ళ మంటలకు రాత్రి అమిట్రిప్టిలిన్. మావారు పోయినప్పటి నుంచి నిద్రకు అల్ప్రజోలామ్.

సమాధానం:

టీచరు గారూ,

మీ ఉత్తరంలో మీకు భయం కలిగించిన విషయమూ, నన్ను ఆలోచనలో పడేసిన విషయమూ ఒకటి కావు. విద్యార్థి పేరు గుర్తు రాలేదని మీరు బాధపడుతున్నారు. నేను మాత్రం చివర రాసిన మందుల జాబితా దగ్గర ఎక్కువసేపు ఆగిపోయాను. అందులోని ఆరు మాత్రలలో దాదాపు ప్రతిదీ ఏదో ఒక దారిన తలను మందగింపజేయగలదే. ఉత్తరం చదివి జబ్బు ఉందనో లేదనో తేల్చడం ఎవరికీ సాధ్యం కాదు, నేనూ ఆ సాహసం చెయ్యను. అయితే మీ విషయంలో ‘వయసు మీద పడింది, అంతే’ అన్న మాట మిగిలిన కారణాలన్నీ వెతికి చూశాక చివర అనవలసిన మాటే తప్ప, మొదట అనవలసినది కాదని గట్టిగా చెప్పగలను.

ముందు మీరు రాసిన లక్షణాల సంగతి చూద్దాం. అరవై దాటాక మెదడులో సహజంగా తగ్గేది ప్రధానంగా వేగం. తెలిసిన విషయమే బయటికి రావడానికి మునుపటికన్నా ఎక్కువ సమయం పడుతుంది, రెండు పనులు ఒకేసారి పెట్టుకుంటే ఒకటి చేజారుతుంది, పేర్లు నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోతాయి. అన్నిటికన్నా ముందు పేర్లే ఎందుకు తప్పించుకుంటాయంటే, వాటికి వేరే ఆధారం ఉండదు. ఆ అబ్బాయి ఏ బెంచీలో కూర్చునేవాడో, భిన్నాలు ఎలా తప్పు చేసేవాడో, వాళ్ళ నాన్న ఏ రైసుమిల్లులో గుమస్తాగా ఉండేవాడో, ఇవన్నీ ఒకదాన్నొకటి లాక్కుని వస్తాయి. పేరు మాత్రం వీటిలో దేనికీ అంటుకోకుండా విడిగా ఉంటుంది. ఇంటికి చేరేలోగా అది గుర్తొచ్చిందంటే జ్ఞాపకం చెరిగిపోలేదన్నమాట. ఇక ఫోనులో మాట్లాడుతూ వేసిన ఉప్పు అసలు మనసులో నమోదే కాదు కాబట్టి, దాన్ని మరుపు అనడంకన్నా పరధ్యానం అనడం సబబు.

డాక్టర్లు కంగారుపడే లక్షణాలు వేరేగా ఉంటాయి. చెప్పిన సంగతే పది నిమిషాల్లో మళ్ళీ కొత్తగా చెప్పడం, జవాబు విన్న ప్రశ్ననే మళ్ళీ మళ్ళీ అడగడం, ఏళ్ళ తరబడి తిరిగిన వీధిలో దారి తప్పడం, జీవితమంతా చేసిన వంటలో ఏ పని తరవాత ఏది చెయ్యాలో తెలియకపోవడం, పాలవాడి లెక్క సరిచూడలేకపోవడం, సౌమ్యంగా ఉండే మనిషి ఉన్నట్టుండి అందరినీ అనుమానించడం, ఇలాంటివి నెలల తరబడి పెరుగుతూ వస్తే అప్పుడు ఆలోచించాలి. తన మరుపును తానే గమనించి బాధపడేవారికన్నా, తనకేమీ లేదని వాదిస్తూ ఇంట్లోవాళ్ళను కంగారుపెట్టేవారి విషయంలో డాక్టర్లు ఎక్కువ జాగ్రత్త పడతారు. మీరు మొదటి కోవకు చెందుతారు. అలాగని పరీక్ష అక్కర్లేదని కాదు.

శతక పద్యాలు గుర్తుండడం మంచిదే కానీ, దాన్ని ధైర్యానికి ఆధారంగా పెట్టుకోకండి. ‘పాత సంగతులన్నీ పూసగుచ్చినట్టు చెబుతోంది, జ్ఞాపకశక్తికి ఏం ఢోకా లేదు’ అని చుట్టాలు అంటూ ఉంటారు. ఆల్జీమర్స్ జబ్బు మొదట దెబ్బతీసేది కొత్త విషయాలను దాచుకునే భాగాన్ని. ఎనిమిదేళ్ళ వయసులో కంఠస్థం చేసిన పద్యం ఆఖరిదాకా మిగిలిపోవచ్చు. నిన్న సాయంత్రం ఎవరు వచ్చారో, ఏం మాట్లాడారో చెప్పగలుగుతున్నారా అన్నదే అసలు పరీక్ష.

ఇప్పుడు మందుల దగ్గరికి వద్దాం. మెట్‌ఫార్మిన్ మంచి మందు, మానవలసిన పని లేదు. అయితే ఏళ్ళ తరబడి వాడితే శరీరంలోకి విటమిన్ బీ12 చేరడం తగ్గుతుంది. రోజూ వేసుకునే గ్యాసు మాత్ర దీనికి తోడవుతుంది, ఎందుకంటే ఆహారంలోని బీ12ను విడదీయడానికి కడుపులోని ఆమ్లం కావాలి. బీ12 సహజంగా దొరికేది మాంసం, చేప, గుడ్డు, పాలు, పెరుగులలోనే కాబట్టి, మీరు శాకాహారులైతే లోపానికి మూడు దారులు తెరిచి ఉన్నట్టే. ఆ లోపం ఎలా బయటపడుతుందంటే తల మబ్బుగా ఉండడం, నీరసం, అరికాళ్ళ తిమ్మిర్లు, మంటలు. మీ అరికాళ్ళ మంటలు షుగరువల్లే వచ్చాయని ఎవరో అనుకుని ఉండవచ్చు, అది నిజమూ కావచ్చు. కానీ అందులో బీ12 లోపం వాటా ఎంతో ఎవరైనా పరీక్షించి చూశారా? చూడకుండానే మంటలకు అమిట్రిప్టిలిన్ ఇచ్చి ఉంటే, ఒక మందు తెచ్చిన లోపాన్ని ఇంకొక మందుతో కప్పిపెట్టినట్టయింది. పైగా ఆ రెండో మందు నేరుగా జ్ఞాపకశక్తి మీదే పనిచేస్తుంది. మెదడులో జ్ఞాపకాలకు అవసరమైన అసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని అది అడ్డుకుంటుంది. ఆల్జీమర్స్‌కు ఇచ్చే డొనెపెజిల్ అనే మాత్ర సరిగ్గా ఆ రసాయనాన్ని నిలబెట్టడానికే ఇస్తారు. జలుబుకు, దురదలకు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే పాతకాలపు అలర్జీ మాత్రలు, మూత్రం ఆపుకోలేనివారికి ఇచ్చే కొన్ని మాత్రలు కూడా ఇదే పని చేస్తాయి.

బీపీ మాత్రలో కలిసి ఉన్న హైడ్రోక్లోరోథయజైడ్ ఉప్పునూ నీటినీ మూత్రంలో పంపించేస్తుంది. మన వైపు ఏ పెద్దవాళ్ళ ఇంటికి వెళ్ళినా ‘సోడియం పడిపోయింది’ అన్న మాట ఇప్పుడు తరచుగా వినిపించడానికి ఈ రకం మాత్రలు ఒక ముఖ్య కారణం. రక్తంలో సోడియం లీటరుకు 135 నుంచి 145 మిల్లీ ఈక్వివలెంట్ల మధ్య ఉండాలి. అది నెమ్మదిగా తగ్గుతూ వస్తే మనిషి పడిపోయేదాకా ఎవరికీ తెలియదు. నీరసం, తూలు, మబ్బు అంటూ వయసు ఖాతాలో రాసేస్తారు. దీనికి విరుగుడుగా మీ అంతట మీరు ఉప్పు పెంచుకోవద్దు, బీపీ ఉన్నవారికి అది వేరే ప్రమాదం. గ్లిమెపిరైడ్ విషయం ఇంకొకటి. కార్తీక సోమవారాలు, ఏకాదశులు ఉపవాసం ఉంటూ ఆ మాత్ర మామూలుగా వేసుకుంటే షుగరు బాగా పడిపోతుంది, అప్పుడు చెమటలతో పాటు మాట తడబడడం, ఎక్కడ ఉన్నామో తెలియకపోవడం జరుగుతాయి. ఉపవాసాలు చేసే అలవాటు ఉంటే డాక్టరుకు తప్పక చెప్పండి.

అల్ప్రజోలామ్ గురించి కొంచెం గట్టిగానే చెబుతాను. ఆప్తులు పోయిన కొత్తలో నాలుగు రోజులు నిద్రపట్టడానికి ఇచ్చిన మాత్రను రెండేళ్ళు కొనసాగించకూడదు. దాని ప్రభావం పగటిదాకా సాగుతుంది, ఆనాటి సంగతులు మనసులో నాటుకోకుండా చేస్తుంది, రాత్రి బాత్రూముకు లేచినప్పుడు తూలి పడేలా చేస్తుంది. అయితే ఇది చదివి ఈ రాత్రి నుంచే మానేస్తానని అనుకోవద్దు. హఠాత్తుగా ఆపితే నిద్ర పూర్తిగా పోవడమే కాక ఫిట్స్ కూడా రావచ్చు. వారాల తరబడి కొద్దికొద్దిగా డాక్టరు చెప్పిన లెక్క ప్రకారం తగ్గించుకోవాలి. మిగిలిన మందులకూ ఇదే వర్తిస్తుంది: నేను రాసినది డాక్టరును ప్రశ్నలు అడగడానికే గాని, మాత్రలు పారెయ్యడానికి కాదు.

ఇంట్లో ఉన్న మందులన్నీ, వాడి వదిలేసినవి కూడా, ఒక సంచిలో వేసుకుని ఎండీ ఫిజీషియన్ దగ్గరికి వెళ్ళండి. నేరుగా నరాల డాక్టరు దగ్గరికో, స్కానింగుకో పరుగెత్తనక్కర్లేదు. షుగరుకు ఒకరు, కాళ్ళ మంటలకు ఒకరు, నిద్రకు ఒకరు రాసిన మాత్రలన్నీ ఒక్క కడుపులోకే వెళుతున్నా, వాటన్నిటినీ బల్ల మీద పోసి కలిపి చూసే డాక్టరు చాలామందికి ఉండడు. మన వైద్యంలో నాకు అన్నిటికన్నా పెద్ద లోపంగా కనిపించేది ఇదే. రక్తపరీక్షల్లో బీ12, థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్, సోడియం, మూడు నెలల షుగరు, క్రియాటినిన్, క్యాల్షియం, హిమోగ్లోబిన్ ఉండేలా చూడమని అడగండి. థైరాయిడ్ తగ్గినా తల ఇలాగే మబ్బుగా ఉంటుంది, అది మాత్రతో సరిపోయే సమస్య. ఈ మధ్య ఎప్పుడైనా పడి తలకు దెబ్బ తగిలి ఉంటే, చిన్నదైనా సరే, చెప్పడం మరవద్దు. పెద్దవయసులో పుర్రె లోపల రక్తం నెమ్మదిగా చేరి, వారాల తరవాత మతిమరుపులా కనిపించవచ్చు.

మీరు రాయని రెండు విషయాలు కూడా అడుగుతున్నాను. మీవారు పోయిన తరవాత మీకు దేనిమీదనైనా ఉత్సాహం ఉంటోందా? పెద్దవయసులో దిగులు తరచు కన్నీళ్ళ రూపంలో కాక, ఏ పని మీదా మనసు నిలవకపోవడం, దేన్నీ పట్టించుకోవాలని అనిపించకపోవడం, తెల్లవారుజామునే మెలకువ రావడం అన్న రూపాల్లో వస్తుంది; చూసేవారికి అది అచ్చం మతిమరుపులాగే ఉంటుంది. దానికి వైద్యం ఉంది. అలాగే మీరు గురక పెడుతున్నారో లేదో, నిద్రలో ఊపిరి ఆగి ఉలిక్కిపడుతున్నారో లేదో చెప్పే మనిషి ఇప్పుడు ఇంట్లో లేరు. అమ్మాయి వచ్చినప్పుడు ఒక రాత్రి మీ గదిలో పడుకుని గమనించమనండి.

రెండోది చెవులు. టీవీ శబ్దం పెంచుతున్నారా, నలుగురిలో మాటలు అందక ఊరికే నవ్వి ఊరుకుంటున్నారా? సగం విన్న మాటను పూరించుకోవడానికే మెదడు శక్తంతా ఖర్చయితే, దాన్ని గుర్తుపెట్టుకోవడానికి ఏమీ మిగలదు. 2023లో అమెరికాలో 70 నుంచి 84 ఏళ్ళ మధ్యవారి మీద వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో, వినికిడి యంత్రం వాడినందువల్ల మొత్తం మీద చూస్తే పెద్ద తేడా కనిపించలేదు గాని, షుగరు, బీపీ వంటి ముప్పులు ఎక్కువగా ఉన్న వర్గంలో మూడేళ్ళలో మెదడు మందగించే వేగం దాదాపు సగానికి తగ్గింది. మీ వయసు వాళ్ళకన్నా కొంచెం తక్కువే అయినా, ఆ ముప్పులు మీకూ ఉన్నాయి. దానికి ‘చెవిటి మిషన్’ అని పేరు పెట్టి మన జనం సిగ్గుపడతారు. కళ్ళజోడుకు లేని సిగ్గు దీనికెందుకో నాకు అర్థం కాదు. కంటి శుక్లాలు ఉంటే వాటినీ వాయిదా వెయ్యకండి.

ఇవన్నీ సరిచేసుకున్నాక కూడా మూడు నాలుగు నెలలకు మబ్బు విడకపోతే, అప్పుడు జ్ఞాపకశక్తి పరీక్ష చేయించుకోవాలి. హైదరాబాద్ నిమ్స్‌లోనూ, అమ్మాయి ఉండే బెంగుళూరులో నిమ్హాన్స్‌లోనూ దీనికి అనుభవమున్న విభాగాలు ఉన్నాయి. పరీక్ష తెలుగులోనే జరిగేలా చూసుకోండి. ఇంకొక సంగతి: చదువుకున్నవారు, అందులోనూ లెక్కల టీచర్లు, ఈ పరీక్షల్లో సులువుగా మంచి మార్కులు తెచ్చుకుంటారు కాబట్టి, ఒక్కసారి బాగా వచ్చిందని వదిలెయ్యకుండా ఏడాది తరవాత మళ్ళీ చేయించి రెంటినీ పోల్చి చూడాలి. స్కానింగు తీస్తే రిపోర్టులో ‘వయసుకు తగ్గ మెదడు కుంచింపు’ అన్న అర్థం వచ్చే వాక్యం ఒకటి ఉండే అవకాశం ఎక్కువ. అది చదివి రాత్రంతా ఏడ్చినవాళ్ళు ఉన్నారు. జుట్టు నెరిసినట్టే మెదడూ కొంత తగ్గుతుంది. ఆ వాక్యం ఒక్కటీ జబ్బు పేరు కాదు.

మీ అమ్మగారి సంగతి మీ మనసులో ఎంతగా నాటుకుందో తెలుస్తూనే ఉంది. తల్లికో తండ్రికో ఈ జబ్బు ఉంటే పిల్లలకు ముప్పు కొంత పెరిగే మాట నిజమే. కానీ తప్పకుండా సంక్రమించే రకం చాలా అరుదు, అది సాధారణంగా అరవై లోపే బయటపడుతుంది. ఎనభై దాటాక వచ్చినదాన్ని ఆ కోవలో వెయ్యనక్కర్లేదు. దేశవ్యాప్తంగా జరిగిన అధ్యయనం ఆధారంగా 2023లో ప్రకటించిన అంచనా ప్రకారం, మన దేశంలో అరవై దాటినవారిలో డిమెన్షియా, అంటే రోజువారీ పనులకు అడ్డొచ్చేంత మతిమరుపు, ఉన్నవారు 7.4 శాతం. అంటే నూటికి తొంభై మందికిపైగా లేనివారే. 2024లో లాన్సెట్ వైద్యపత్రిక నియమించిన నిపుణుల సంఘం, ప్రపంచంలో డిమెన్షియా కేసుల్లో దాదాపు 45 శాతం పద్నాలుగు రకాల ముప్పులతో ముడిపడి ఉన్నాయనీ, వాటిని తగ్గిస్తే ఆ మేరకు నివారించడమో వాయిదా వెయ్యడమో సాధ్యమనీ చెప్పింది. ఆ జాబితాలో బీపీ, షుగరు, చెడు కొవ్వు, వినికిడి లోపం, చూపు లోపం, దిగులు, వ్యాయామం లేకపోవడం, ఒంటరితనం ఉన్నాయి. మీ అమ్మగారి రోజుల్లో బీపీ చూపించుకున్నవాళ్ళు ఎందరు? ఆవిడకు చిన్న చిన్న రక్తనాళాలు మూసుకుపోయి వచ్చిన మతిమరుపు కూడా కలిసి ఉండవచ్చు, దాన్ని అడ్డుకునే అవకాశం మీకు ఉంది.

సరస్వతీ లేహ్యం మతిమరుపును ఆపుతుందని గట్టిగా నిరూపించిన పరీక్షలేవీ లేవు. లేహ్యంలో చక్కెరో బెల్లమో ఉంటుంది, మీకు షుగరు ఉంది. పైగా చీటీ లేని పొడుల్లో సీసం వంటి లోహాలు ఉండే ప్రమాదం ఉంది. విదేశాల్లో ఇంతే పేరున్న జింకో ఆకును మూడు వేల మందికి పైగా వృద్ధుల మీద ఏళ్ళ తరబడి పరీక్షించి, డిమెన్షియాను ఆపలేదని 2008లో తేల్చారు. సరస్వతి ఆకు పచ్చడి చేసుకుని తినాలనిపిస్తే తినండి, దాని మీద ఆశ పెట్టుకోకండి.

పజిళ్ళు చేసేవారికి పజిళ్ళు చెయ్యడం బాగా వస్తుంది, అంతకుమించి పెద్ద లాభం ఆశించలేం. మనుషులతో కలిసి బుర్ర పెట్టి చేసే పనుల విలువ ఎక్కువ. నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ప్రకటించిన ఫలితం తెలుగువాళ్ళం తెలుసుకోదగ్గది: ఒక్క భాషే తెలిసినవారికన్నా రెండు భాషలు మాట్లాడేవారిలో జబ్బు సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా బయటపడింది, బడికి వెళ్ళనివారిలో కూడా ఆ తేడా కనిపించింది. రెండు భాషలే దానికి కారణమని అంతటితో రుజువైపోలేదు గాని, మాటల మధ్య అటూ ఇటూ మారుతూ ఉండే మెదడుకు కొంత అదనపు నిల్వ ఉంటుందన్న ఊహకు అది బలమిచ్చింది. మీరైతే వీధిలో పదో తరగతి పిల్లలను నలుగురిని సాయంత్రం కూర్చోబెట్టుకుని లెక్కలు చెప్పండి. వాళ్ళ పేర్లు రోజూ పిలవక తప్పదు, మారిన సిలబస్ చదవక తప్పదు, ఇంట్లో మనుషుల అలికిడీ ఉంటుంది. పొద్దున ఎండ ఎక్కకముందు వారానికి ఐదు రోజులు అరగంట చొప్పున, కాస్త ఆయాసం వచ్చేలా నడవండి. మందులకు వారం రోజుల అరల డబ్బా కొనుక్కోండి. వంట మొదలుపెట్టే ముందే పులుసుకు కావలసిన ఉప్పు చిన్న గిన్నెలో తీసి పెట్టుకుంటే, గిన్నె ఖాళీగా ఉందో లేదో చూస్తే చాలు.

డబ్బు విషయంలో కూడా ఒక మాట. వీలునామా రాయాలనుకుంటే బుద్ధి నిలకడగా ఉన్నప్పుడే రాసి రిజిస్టరు చేయించండి. ‘అవసరమైతే అమ్మాయికి పవరాఫ్ అటార్నీ ఇస్తాను’ అని చాలామంది అనుకుంటారు గాని, భారత కాంట్రాక్టు చట్టం 201వ సెక్షను ప్రకారం, ఇచ్చిన మనిషి మతిస్థిమితం కోల్పోతే ఆ అధికారం రద్దయిపోతుంది, అంటే సరిగ్గా అవసరమైన రోజున అది పనికిరాదు. బ్యాంకు ఖాతాలో అమ్మాయిని జాయింటుగా చేర్చుకోవడం అంతకన్నా నమ్మకమైన ఏర్పాటు. పోలీసులమంటూ వీడియో కాల్ చేసి ‘డిజిటల్ అరెస్టు’ అనేవాళ్ళు ఒంటరిగా ఉన్న పెద్దవాళ్ళనే వెతుక్కుంటున్నారు. అలాంటి కాల్ వస్తే ఏమీ మాట్లాడకుండా పెట్టేసి అమ్మాయికి ఫోన్ చెయ్యండి.

ఆమెకు చెప్పాలా అని అడిగారు. చెప్పాలి. ఆమె కంగారుపడుతుందన్నది నిజమే కానీ, డాక్టరుకు మీ మాట ఎంత అవసరమో, మిమ్మల్ని బాగా ఎరిగిన ఇంకొక మనిషి మాట అంతే అవసరం. ఈ మార్పు నెమ్మదిగా వచ్చిందా, ఏదైనా కొత్త మందు మొదలుపెట్టాక వచ్చిందా, ఫోనులో చెప్పిందే చెబుతున్నారా, నిరుడు ఎలా ఉన్నారు, ఇప్పుడు ఎలా ఉన్నారు, ఇవి ఆమెనే అడుగుతారు. దసరాకు వచ్చేలోపే రక్తపరీక్షలు చేయించి పెట్టుకుంటే, ఆమె ఉన్న రోజుల్లోనే ఇద్దరూ కలిసి రిపోర్టులతో ఫిజీషియన్‌ను చూడవచ్చు. ఒక్క జాగ్రత్త: ఈ ఉత్తరం చదవగానే మెడికల్ షాపుకు వెళ్ళి బీ12 మాత్రలు తెచ్చుకోకండి. రక్తం ఇవ్వకముందే అవి మొదలుపెడితే లోపం రిపోర్టులో కనబడదు, డాక్టరు అసలు కారణాన్ని పక్కన పెట్టేసి ఇంకోచోట వెతుకుతారు.